కుర్ర సాబ్, ముసలి సాబ్

సైన్యంలో బయటివారికి అంతుపట్టని వింత ఒకటి ఉన్నది. 22 ఏళ్ల లెఫ్టినెంటు, జవానుగా చేరి మెట్టుమెట్టుగా పైకి వచ్చిన, తన తండ్రి వయసున్న సుబేదారును 'సాబ్' అని పిలుస్తాడు. ఆ సుబేదారు మడమలు దగ్గరికి చేర్చి, సెల్యూట్ చేసి, ఆ కుర్రవాడినీ 'సాబ్' అనే పిలుస్తాడు. ఇద్దరిలో ఎవరికి ఎవరు సాబ్ అన్నది నాకు కూడా పద్దెనిమిదేళ్ల నౌకరీ తరువాత, నాయబ్ సుబేదారు నక్షత్రం నా భుజం మీదకు ఎక్కిన తరువాతనే సరిగా తెలిసింది.

ఈ సంగతులు ఇప్పుడు గుర్తుకు రావడానికి మా మనవడు కారణం. వాడు బరంపురం కాలేజీలో చదువుతూ, ఎన్‌సీసీలో ఉంటూ, ఆఫీసరు పరీక్షకు తయారవుతున్నాడు. ఆఫీసర్లను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ వారు అయిదు రోజులు కూర్చోబెట్టి అభ్యర్థిలో 15 లక్షణాలు చూస్తారట. ఆ జాబితా ఉన్న పుస్తకం నా చేతికిచ్చి చదవమన్నాడు. చదివాను. అందులో తప్పు పట్టవలసినది ఏమీ లేదు. అయితే నేను 28 ఏళ్లలో కళ్లారా చూసినది ఆ పదిహేనింటిలో ఏ పద్దు కింద రాసుకోవాలో మాత్రం తేలలేదు. అందుకే వాడికోసం ఇలా రాస్తున్నాను.

మాది గోపాల్‌పూర్. బరంపురం నుంచి సముద్రం వైపు వస్తే దారి ఆగిపోయే ఊరు. ఒడియావారు మమ్మల్ని నోలియాలంటారు. ఇళ్లలో మా మాట తెలుగే. మా అయ్య తండేలు. పడవ వెనక నిలబడి, అలల వరుస చూసి, ఎప్పుడు తెడ్డు వేయాలో చెప్పేవాడే తండేలు. ఆ చెప్పడం ఒక్కసారే ఉంటుంది. ఆలస్యమైతే పడవ అడ్డం తిరుగుతుంది. అయ్యకు చూపు తగ్గిన ఏడాది ఆ చోటు మా పెదనాన్న కొడుక్కి ఇచ్చి, తాను ముందుకు వెళ్లి మామూలు తెడ్డు పట్టుకుని కూర్చున్నాడు. మొదటి రోజే అన్నయ్య తొందరపడి ఒక అల ముందుగా కేక వేశాడు. అది తప్పని అయ్యకు తెలుసు. అయినా అందరికంటే గట్టిగా తెడ్డు వేశాడు. అందరూ తడిసి ముద్దయ్యారు కానీ పడవ అవతలికి వెళ్లింది. ఒడ్డుకు వచ్చాక కూడా నలుగురి ముందూ అయ్య ఏమీ అనలేదు. రాత్రి అన్నం దగ్గర ఏమన్నాడో నాకు తెలియదు. నేను ఒడ్డున కూర్చుని రేవు చూసే వయసువాణ్ణి.

1976లో నేను ఫిరంగిదళంలో చేరి, నాసిక్ రోడ్డులో శిక్షణ ముగించుకుని, విమాన విధ్వంసక రెజిమెంటుకు వెళ్లాను. మా ఆయుధం స్వీడన్ నుంచి వచ్చిన బోఫోర్స్ ఎల్-70. గొట్టం నోరు 40 మిల్లీమీటర్లు, పొడవు దానికి 70 రెట్లు. ఆ పేరు అందుకే వచ్చింది. నాలుగేసి గుండ్లున్న క్లిప్పులు పైనుంచి పడుతూ ఉండాలి, నిమిషానికి దాదాపు 300 గుండ్లు పోతాయి. ఈ లెక్కలు చెప్పడంలో ఉద్దేశం ఉన్నది. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో వచ్చే విమానం క్షణానికి 250 మీటర్లు దాటుతుంది. మూడున్నర కిలోమీటర్ల దూరంలో దానిని అందుకోగలిగామనుకున్నా, అది మన నెత్తి మీదకు రావడానికి 14 క్షణాలు పడుతుంది. కాల్చాలా వద్దా, అది శత్రువుదా మనదా అన్నది ఆ 14 క్షణాల్లో తేలాలి. ఒక వంతెన చుట్టూ, ఒక విమానాశ్రయం చుట్టూ తోపులు, అంటే మా ఫిరంగులు, చెల్లాచెదురుగా ఉంటాయి. కొన్ని ట్రూపులు కలిసిన బ్యాటరీకి కమాండరు ఎక్కడో ఉంటాడు. కొన్ని తోపుల జట్టయిన ట్రూపు దగ్గర ఉండేది మీసాలు సరిగా రాని ఒక లెఫ్టినెంటు. పెద్దవారిని అడిగి చెబుతానంటే ఈలోగా విమానం పని ముగించుకుని వెళ్లిపోతుంది. మిగతా దళాల సంగతి వారు చెప్పుకోవాలి. మా దళంలో మాత్రం చిన్న ఆఫీసరుకు నాయకత్వం నేర్పడం తీరిక ఉన్నప్పుడు చేసే పని కాదు.

ఆ కుర్రవారు మా దగ్గరకు వచ్చేసరికే చాలా నేర్చుకుని వచ్చేవారు. డెహ్రాడూన్ నుంచి కొందరు, మద్రాసు నుంచి కొందరు. చైనా యుద్ధం తరువాత 1963లో మద్రాసులో పెట్టిన ఆఫీసర్స్ ట్రెయినింగ్ స్కూలు 1988లో అకాడమీ అయింది. డెహ్రాడూన్ అకాడమీని 1932 డిసెంబరు 10న ప్రారంభిస్తూ అప్పటి సైన్యాధిపతి చెట్‌వుడ్ దొర చెప్పిన మూడు వాక్యాలు అక్కడ చదివిన ప్రతి ఆఫీసరుకూ కంఠతా వస్తాయి. దేశపు క్షేమం, గౌరవం ఎప్పుడూ ముందు. నీ కింద ఉన్న జవాన్ల క్షేమం, సుఖం ఆ తరువాత. నీ సుఖం, నీ క్షేమం అన్నింటికంటే చివర. మా లంగరులో, అంటే జవాన్ల వంటశాలలో, వంటవాడు ఒకడు దీనిని మరింత సులువుగా చెప్పేవాడు: ఆఫీసరు కంచంలోకి చపాతీ వచ్చేసరికి పొయ్యి ఆరిపోయి ఉండాలట.

కొత్తగా వచ్చిన ఆఫీసరును మా రెజిమెంటులో వెంటనే ఆఫీసర్ల మెస్సుకు పంపేవారు కాదు. కొన్ని వారాలు జవాన్లతో పాటు బ్యారక్‌లో మంచం, లంగరులో తిండి, రాత్రి సంతరీగా కాపలా డ్యూటీ. పొద్దున్నే అందరితో పాటు తోపు తుడవాలి. ఇంగ్లీషు చదువులు చదివిన పిల్లవాడు గొట్టంలోకి తుడుపు కర్ర దూర్చి, మోచేతుల దాకా గ్రీజుతో, పక్కనున్న గన్నరును, అంటే ఫిరంగి జవానును, 'ఇప్పుడేం చేయాలి భయ్యా' అని అడిగే దృశ్యం మాకు వినోదమే. పెళ్లికొడుకును ఆటపట్టించినట్టు ఉండేది. ఆ రోజుల్లో నేర్చుకున్న పేర్లు, ఎవరి మంచం కింద ఎవరి ట్రంకు పెట్టె ఉన్నదన్న వివరాలు వారికి చివరిదాకా గుర్తుండేవి.

నేను హవల్దారుగా ఉన్నప్పుడు రాజస్థాన్ ఇసుకలో జరిగిన ఒక రాత్రి సంగతి వివరంగా చెప్పాలి. లైట్లు ఆర్పేసి, తోపులు తగిలించిన బండ్లు వరుసగా పోతున్నాయి. ముందు బండిలో ఒంటి నక్షత్రం సెకండ్ లెఫ్టినెంటు, ఆయన పక్కన మా ట్రూపు సుబేదారు. ఒకచోట దారి రెండుగా చీలింది. లెఫ్టినెంటు కిందికి దిగి, బానెట్ మీద పటం పరచి, దాని పక్కనే దిక్సూచి పెట్టి, ముసుగు వేసిన టార్చి వెలుగులో చూసి, ఎడమకు అన్నారు. కుడికి పోవాలని సుబేదారుకు తెలుసు. అంతకుముందు రెండు విన్యాసాల్లో ఆయన ఆ దారిన నడిచి ఉన్నాడు. అయినా 'తప్పు సాబ్' అనలేదు. 'సాబ్, వెనక బండి టైరు అనుమానంగా ఉంది, ఒకసారి చూసి వద్దాం వస్తారా' అన్నాడు. ఆ వెనక బండిలో ఉన్నది నేను. టైరు నిక్షేపంగా ఉన్నది. ఇద్దరూ వచ్చారు. సుబేదారు టైరును రెండు తన్నులు తన్ని, ఇంకొంచెం పక్కకు, బండ్లకు యాభై గజాల దూరం దాకా ఆయనను నడిపించి, బీడీ వెలిగించుకోవడానికి అనుమతి అడిగాడు. చేతిలో దిక్సూచి ఉన్న కుర్రవాడు ఊరికే నిలబడలేడు కదా, మళ్లీ చూశారు. ఇనుము పక్కన ఒక మాట, ఇసుక మీద ఒక మాట చెబుతున్నది ముల్లు. చాలాసేపు కదలలేదు ఆయన. తరువాత గొంతు సవరించుకుని, 'సాబ్, కుడికి పోదాం' అన్నారు. 'జీ సాబ్' అన్నాడు సుబేదారు, అప్పుడే ఆ విషయం తెలిసినట్టుగా.

మరునాడు ఆ టైరు సంగతి ఎత్తి నేను నవ్వితే సుబేదారు నవ్వలేదు. 'ఆయన తప్పు నలుగురికి తెలిస్తే రేపటి నుంచి ఆయన మనలను ఏమీ అడగడు. అడగని ఆఫీసరు కింద చావడం నాకు ఇష్టం లేదు' అన్నాడు. హిందీలో అన్న ఆ మాటను ఇన్నేళ్లలో ఎన్నిసార్లు మనసులో తెలుగు చేసుకున్నానో చెప్పలేను.

అందరూ అలా దొరికిన అయిదు నిమిషాలను వాడుకుంటారని కాదు. రెండేళ్ల తరువాత వచ్చిన మరొకాయన అటువంటి చోటనే సుబేదారు సూచనను పట్టించుకోకుండా బండ్లను మెత్తటి ఇసుకలోకి దింపారు. సుబేదారు రెండోసారి చెప్పలేదు, వెళ్లనిచ్చాడు. తెల్లవారేదాకా పారలతో తవ్వాము. ఆయన కూడా చొక్కా విప్పి తవ్వారు, అది ఆయన గొప్పతనం. చెమటతో తీరే తప్పులను జరగనివ్వాలని, ప్రాణంతో తీరే తప్పులను మాత్రం ఆపాలని ఆ సుబేదారు లెక్క. రెండింటికీ మధ్య గీత ఎక్కడున్నదో ఏ కోర్సులోనూ చెప్పగా నేను వినలేదు.

తోపుల దగ్గర నేర్చుకునేది సగమే. మిగతా సగం కాగితాల దగ్గర ఉంటుంది. మా ట్రూపులో పర్లాకిమిడి వైపు నుంచి వచ్చిన తెలుగు గన్నరు ఒకడుండేవాడు. పని చేసేవాడు కానీ ఆ నెలలో రెండుసార్లు అతని చేతిలోంచి క్లిప్పు జారింది. కొత్త లెఫ్టినెంటు పంజాబీ. శిక్ష వేయడానికి పిలిపించి, ఎందుకో ఆగి, నన్ను కూడా పిలిచారు. గన్నరు జేబులోంచి నాలుగు మడతల ఇన్లాండ్ కవరు బయటికి వచ్చింది. భార్య రాసినది. చదవమన్నారు. ఒక్కో వాక్యం చదివి హిందీలో చెబుతున్నాను. పిల్లవాడికి జ్వరం తగ్గింది. గేదె ఈనింది. పాలివాళ్లు పొలం గట్టు జరిపారు, అడిగితే మీ ఆయన వచ్చాక చూద్దాం లెమ్మన్నారు. 'గట్టు అంటే?' అని అడిగారు లెఫ్టినెంటు. నేలమీద వేలితో గీసి చూపించాను. రైతుబిడ్డ కాబోలు, ఆ గీతను చూడగానే ఆయన ముఖం మారిపోయింది. 'ఎంత జరిపారు?' అని గన్నరునే అడిగారు. రెండు బారలు అన్నాడు వాడు, అప్పటిదాకా ఎత్తని తల ఎత్తి.

అప్పటికి గజపతి జిల్లా ఇంకా ఏర్పడలేదు, పర్లాకిమిడి గంజాం జిల్లాలోనే ఉండేది. కలెక్టరు ఉండేది ఛత్రపురంలో. లెఫ్టినెంటు ఆ రాత్రి మూడు చిత్తుప్రతులు చింపి, నాలుగోది కమాండింగ్ ఆఫీసరుకు చూపించి, ఛత్రపురానికి ఉత్తరం పంపించారు. గన్నరుకు సెలవు ఇప్పించారు. కొన్ని నెలలకు సర్వేయరు వచ్చి కొలిచాడు, గట్టు వెనక్కి జరిగింది. అయితే నాకు గుర్తున్నది ఆ గెలుపు కాదు. లెఫ్టినెంటు దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది, మనిషికొక పేజీ. సెలవు నుంచి తిరిగి వచ్చిన ప్రతివాడినీ ఆఫీసరు పిలిచి మాట్లాడటం ఆనవాయితీ. గన్నరు తిరిగి వచ్చిన రోజున ఆయన ఆ పేజీ తీసి, గట్టు సంగతికి ముందు, 'గేదె దూడ ఏమిటి, ఆడదా మగదా?' అని అడిగారు. బయటికి వచ్చిన గన్నరు మాతో ఏమీ చెప్పకుండా నేరుగా వెళ్లి తోపు తుడవడం మొదలుపెట్టాడు. అది తుడిచే వేళ కాదు.

విమాన విధ్వంసక పాఠశాల 1989లో దేవలాలి నుంచి మా గోపాల్‌పూర్‌కు తరలి వచ్చింది. 1994 జనవరి 10న మా దళం ఫిరంగిదళం నుంచి పూర్తిగా వేరుపడింది. ఆ తరువాత కొంతకాలానికి నేను ఏఐజీగా, అంటే గన్నరీ సహాయ శిక్షకుడిగా, సొంత ఊరికి బదిలీ అయి వచ్చాను. ఏ ఇసుకలో గోచీ పెట్టుకుని పరిగెత్తానో ఆ ఇసుకలో బూట్లతో నిలబడి, కొత్త లెఫ్టినెంట్లకు యంగ్ ఆఫీసర్స్ కోర్సులో తోపు నేర్పడం నా పని. మా అక్క పొద్దున్నే చేపల గంపతో పోతూ నన్ను చూసి పలకరించబోయి, పక్కనున్న ఆఫీసర్లను చూసి, తల తిప్పుకుని పోయేది.

ఆ బ్యాచ్‌లో ఒక రాజస్థానీ కుర్రవాడు ఉండేవారు. అంతకుముందు సముద్రం చూడలేదు. సాయంకాలం సరుగుడు తోట పక్కన నడుస్తూ కనిపించిన ప్రతిదానికీ తెలుగు పేరు అడిగేవారు. అల, పడవ, వల. మూడింటినీ ఒకే తీరుగా పలికేవారు. తోపు దగ్గర మాత్రం అన్నీ తెలిసీ నోరు తెరవడానికి జంకేవారు. ఆజ్ఞ ఇచ్చేముందు నా వైపు చూసేవారు. నేను నేల చూసేవాణ్ణి. అదొక్కటే మందు.

సముద్రం మీదకు కాల్పులున్న రోజుల్లో ముందుగా పల్లెల్లో చాటింపు వేసి, వేటకు పోవద్దని చెబుతారు. అయినా గాలి, వల, ప్రవాహం చాటింపు వినవు. ఒకరోజు ఆ కుర్రవాడు ట్రూపు కమాండరు స్థానంలో ఉన్నారు. విమానం పొడవాటి తీగ వెనక గుడ్డ లక్ష్యాన్ని లాక్కుంటూ మలుపు తిరిగింది. నా కళ్లకు దూరంగా, మెరిసే నీటి మీద, నల్లని చుక్క తగిలింది. దుర్భిణి ఎత్తాను. తెరచాప. దాని మీద ఎర్రగుడ్డ మాసిక. ఆ మాసిక కుట్టినది మా అక్క. పడవ మా బావది.

అప్పుడు నేను చేసిన పని సరైనదేనా అని ఇప్పటికీ అనుమానమే. ప్రమాదం చూసినవాడు ఎవడైనా ఆపమని అరవవచ్చు, అరవాలి. కానీ కుర్రవారి దుర్భిణి కూడా అటే తిరిగి ఉన్నది. లక్ష్యం ఇంకా కాల్పుల హద్దులోకి రాలేదు. మూడు లెక్కపెడతాను, ఈలోగా ఆయన అనకపోతే నేనే అరుస్తాను అనుకున్నాను. ఒకటి. ఆయన నా వైపు చూడబోయి, చూడలేదు. రెండు అనేలోగా ఆ సన్నని గొంతు చీరుకుపోయేలా 'స్టాప్' అన్న కేక వచ్చింది. తోపులు ఆగిపోయాయి. విమానం ఊరికే మా మీదుగా వెళ్లిపోయింది.

శిక్షకుడైన మేజరు గారు వచ్చి, ఎందుకు ఆపావని అడిగారు. పడవలా కనిపించింది సర్ అన్నారు. ఖచ్చితంగా పడవేనా అన్నారు మేజరు గారు. 'కాదేమో సర్. తెలియలేదు కాబట్టే ఆపాను.' మేజరు గారు దుర్భిణితో చాలాసేపు చూసి, ఏమీ అనకుండా, ఆయన భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి వెళ్లిపోయారు. పడవ నెమ్మదిగా ఉత్తరానికి జరిగి కనుమరుగయ్యేదాకా ఎవరూ కదలలేదు. అది ఎవరి పడవో నేను చెప్పలేదు. చెబితే ఆ నిర్ణయం ఆయనది కాకుండా పోయేది, నా చుట్టరికానికి చేసిన ఉపకారం అయ్యేది. ఆ రోజు తరువాత ఆజ్ఞ ఇచ్చేముందు ఆయన నా వైపు చూడటం మానేశారు. దానికి నేను కొంచెం బాధ కూడా పడ్డాను.

1999 వేసవిలో కార్గిల్ వార్తలు వస్తున్నప్పుడు నేను పేర్ల కంటే వయసులు ఎక్కువగా చూసేవాణ్ణి. ఖాలూబార్ శిఖరం మీద మరణించిన లెఫ్టినెంటు మనోజ్ కుమార్ పాండేకు 24. హైదరాబాదులో పుట్టి పెరిగిన మేజరు పద్మపాణి ఆచార్య కుటుంబం మూలం మా ఒడిశానే. మద్రాసు అకాడమీ నుంచి 1994లో బయటికి వచ్చిన ఆయన జూన్ 28న పోయారు. అంతకుముందు వారం రోజుల కిందటే 31 నిండాయి. ఈ కుర్రవాళ్ల పక్కన ఆ రాత్రి ఏ ముసలి సాబ్ ఉన్నాడో అని నాకు అనిపించేది. పతకాల జాబితాలో అది ఉండదు.

2004లో పెన్షను మీద ఇంటికి వచ్చాను. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను మా గోపాల్‌పూర్ దగ్గరనే తీరం దాటింది. మరునాడు సైన్యం వచ్చి దారుల మీద చెట్లు తొలగిస్తుంటే, పెంకులు ఎగిరిపోయిన ఇంటిలోంచి నేనూ వెళ్లి నిలబడ్డాను. ఒక లెఫ్టినెంటు రంపం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, కరెంటు తీగలు చుట్టుకున్న చెట్టు ముందు ఆగిపోయాడు. వెనక ఉన్న సుబేదారు, 'సాబ్, ముందు టీ తాగుదామా' అన్నాడు. నాకు ఆ టైరు గుర్తుకు వచ్చి, అంత నష్టంలోనూ నవ్వు ఆగలేదు.

కరోనాకు ముందటి సంవత్సరం మా గుమ్మం ముందు జీపు ఆగింది. జుట్టు నెరిసిన కల్నల్ గారు దిగి, 'సాబ్, గుర్తుపట్టారా?' అన్నారు. లుంగీలో ఉన్నాను, అయినా చెయ్యి దానంతటదే లేచింది. రాజస్థానీ కుర్రవాడు. టీ తాగుతూ, ఆ రోజు కేక వేసేముందు తన కాళ్లు వణికాయని చెప్పారు. అప్పుడు చెప్పాను, పడవ ఎవరిదో. కప్పు కింద పెట్టి, 'మీకు ముందే తెలుసా?' అన్నారు. తెలుసన్నాను. రెండు దాకా లెక్కపెట్టానని కూడా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. కోపం వచ్చిందేమో అనుకున్నాను, వచ్చినా న్యాయమే. లేచి, ఆ పడవ ఆయనను చూడాలి అన్నారు.

బావ ఒడ్డున బోర్లించిన పడవ నీడలో కూర్చుని, కాలి బొటనవేలికి తగిలించుకుని వల బాగుచేసుకుంటున్నాడు. నాటి పేలుళ్లు ఆపించినది ఈ బాబేనని చెప్పాను. బావ తల ఎత్తి కల్నల్ గారిని బూట్ల నుంచి టోపీ దాకా చూశాడు.

'అవునా. ఆ దినం ఇమానం సప్పుడిని బయపడిపోయి వల కోసీసి ఎలిపొచ్చీసినాం. కొత్త వల. దాని డబ్బులు ఎవులిస్తారు?'

ఇది హిందీలో చెప్పాలా వద్దా అని నేను ఆలోచిస్తూ ఉండగానే, కల్నల్ గారు ఆ మాటలన్నింటిలోంచీ ఒక్కటి పట్టుకున్నారు.

'వల?' అని, నా వైపు తిరిగి, 'ఎంతది సాబ్?' అని హిందీలో అడిగారు.

బావ సూది ఆపి, 'ఏటంతన్నాడు?' అన్నాడు.